బడిలో కౌన్సిలర్‌గా, సంఘంలో విశ్వాసిగా

డాలస్ ప్రాంతంలోని ఒక తెలుగు సంఘంలో, శనివారం సాయంత్రం తల్లిదండ్రుల కూడికలో ఒక సహోదరి చేసిన ప్రసంగం ఇది. ఆమె పబ్లిక్ స్కూల్లో, అంటే ప్రభుత్వ బడిలో, పిల్లల కష్టాలు విని సాయపడే కౌన్సిలర్. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. పిల్లల సంగతులు ఎవరూ గుర్తుపట్టకుండా ఆమే మార్చి చెప్పారు.

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

పాస్టర్ గారు నాకిచ్చిన అంశం పబ్లిక్ స్కూల్లో క్రైస్తవ సాక్ష్యం. సాక్ష్యం గురించే మాట్లాడతాను అయ్యగారూ. కానీ ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈ సంఘంలో నన్ను చాలామంది అడిగిన ప్రశ్న అది. అడిగినవాళ్ళు ఈ పూట ఇక్కడే ఉన్నారు. "సిస్టర్, రోజూ అంతమంది పిల్లలు ఏడుస్తూ నీ గదికి వస్తారు కదా, ఒక్కరికైనా ప్రభువు గురించి చెప్పావా?"

చెప్పలేదు. పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఒక్క బిడ్డకు కూడా నా అంతట నేను చెప్పలేదు. భయపడి మానలేదు. ఉద్యోగం పోతుందనీ మానలేదు. అలా మానడం నా విశ్వాసంలో భాగమే అనుకున్నాను కాబట్టి మానాను. ఎందుకలా అనుకున్నానో ఈ పూట మీ ముందు పెడతాను. మీరు ఒప్పుకోకపోవచ్చు. చివరిదాకా వినండి, అంతే అడుగుతున్నాను.

మనలో చాలామంది చదువుకున్న బళ్ళలో కౌన్సిలర్ అనే మనిషే లేరు. మనకు ఏడుపొస్తే బావి దగ్గరకో, చెట్టు కిందకో పోయి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చునేవాళ్ళం. కదా? ఇక్కడ ఆ ఏడుపు కోసం ఒక గది ఉంది. ఆ గదిలో నేనుంటాను. ఒక కౌన్సిలర్‌కు 250 మంది పిల్లలకు మించకూడదని అమెరికన్ స్కూల్ కౌన్సిలర్ అసోసియేషన్ చెబుతుంది. నాకు నాలుగు వందలు దాటి ఉన్నారు. దేశం సగటు కూడా 2022-23లో 385. పొద్దున ఎవరికో క్లాసు టైమ్‌టేబుల్ మార్చాలి, పదింటికి ఎవరో లంచ్‌లో ఒక్కతే కూర్చుంటోందని టీచర్ పంపిస్తారు, పన్నెండింటికి ఒక అబ్బాయి "నేను బతకడం అనవసరం" అని నోట్‌బుక్‌లో రాసుకున్నాడని తెస్తారు. ఆ తర్వాత ఇక టైమ్‌టేబుల్ ఎవరికి గుర్తుంటుంది?

ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతాను. ఆ పిల్లలు నా గదికి ఎందుకొస్తున్నారు? నన్ను ఎంచుకుని వస్తున్నారా? లేదు. చట్టం వాళ్ళను ఆ బడికి రప్పించింది. ఇంటిపేరులో మొదటి అక్షరం బట్టి వాళ్ళు నా లిస్టులో పడ్డారు. ఏ నుంచి హెచ్ దాకా అయితే నేను. వాళ్ళ అమ్మానాన్నలు నన్ను చూడలేదు. ఏ మతమో, ఏ దేశమో తెలియని నాలుగు వందల ఇళ్ళవాళ్ళు తమ బిడ్డను నా ఎదుట కూర్చోనిస్తున్నారు. కన్నీళ్ళతో ఉన్న బిడ్డ. క్లాసుకు తిరిగి వెళ్ళాలంటే నేను పాస్ మీద సంతకం పెట్టాల్సిన బిడ్డ. ఆ గదిలో బలం ఎవరి దగ్గర ఉంది?

ఒంగోలు, కనిగిరి, మార్కాపురం వైపు వాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, సగం పైనే. అయితే అమెరికా నుంచి ఒంగోలు వచ్చిన మిషనరీ క్లౌ దొరగారి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకె మనకు సండే స్కూల్లోనే నోటికొచ్చింది. మన పెద్దల దగ్గరకొచ్చిన ఆ మిషన్‌కు అమెరికాలో లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం అని పేరుండేది. ఇప్పుడు మనం ఉన్న టెక్సాస్‌కూ అదే పేరు. సరే, అది పక్కన పెడదాం. నేను అడిగేది ఏమిటంటే, ఆ 2,222కి ముందు ఏం జరిగిందో ఎంతమందికి తెలుసు?

దానికి ముందు ధాత కరువు. 1876 నుంచి 78 దాకా. జనం ఆకులు, గింజలు ఏరుకుని తిన్న రోజులు. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్ళకు పని ఇచ్చారు, కూలి ఇచ్చారు. మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళ తాతగారు ఆ కాలువలో మట్టి మోశారని. ఆ కాలువ గట్టు మీద జనం బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. దొరగారు ఇచ్చారా? ఇవ్వలేదు. కరువు సాయం పంచుతున్నంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశారు. కూలి డబ్బులు తన చేతుల మీదుగా పోతున్నాయి. అడిగేవాడు అన్నం కోసం అడుగుతున్నాడా, ప్రభువు కోసం అడుగుతున్నాడా అని ఆ గట్టు మీద తేల్చడం ఎవరివల్ల అవుతుంది? కరువు పనులు అయిపోయాక, ఇవ్వడానికి తన దగ్గర డబ్బు లేనప్పుడు, అప్పుడు రమ్మన్నారు. అప్పుడు వచ్చినవాళ్ళే ఆ 2,222.

ఆయన మిషనరీ. సువార్త చెప్పడానికే వచ్చిన మనిషి, చెప్పడం మానలేదు. ఆయనే అన్నం పెట్టే చేత్తో బాప్తిస్మం ఇవ్వనన్నారు. నేనేమో ప్రభుత్వ జీతం తీసుకునే కౌన్సిలర్‌ను. నా గదికొచ్చే బిడ్డకు కూడా ఒక ఆకలి ఉంది. "నన్ను ఎవరైనా వినండి" అనే ఆకలి. ఆ ఆకలిలో ఉన్న పన్నెండేళ్ళ బిడ్డ నేను ఏం చెప్పినా తలూపుతుంది. ఏం చెప్పినా. నాకది బాగా తెలుసు. అందుకే చెప్పను.

నేను ఒకసారి ఈ గీత దాటాను. అది కూడా మీకు చెప్పాలి. ఇంటర్న్‌షిప్ రోజులు, ఎలిమెంటరీ స్కూలు. మూడో తరగతి బాబు, వాళ్ళ అమ్మమ్మ చనిపోయింది. నా ముందు కూర్చుని అడిగాడు, అమ్మమ్మ ఎక్కడికి వెళ్ళిందని. నాకు మా అమ్మ పోయిన ఏడు అది. నా గుండెలో ఉన్న మాటే నోటికొచ్చింది. "దేవుడు ఆమెను ఎంతో ప్రేమించి తన దగ్గరకు తీసుకెళ్ళాడు నాన్నా" అన్నాను. బాబు ఏమీ అనలేదు. శాంతించాడనుకున్నాను. రెండు వారాల తర్వాత వాళ్ళ అమ్మ వచ్చింది. బాబు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. అమ్మ గది గుమ్మంలో పడుకుంటున్నాడు. ఎందుకురా అంటే, దేవుడు నిన్ను ప్రేమిస్తే నిన్ను కూడా తీసుకెళ్ళిపోతాడు కదా, అందుకని కాపలా కాస్తున్నా అన్నాడట.

ఆ గుమ్మం నా కళ్ళ ముందు నుంచి ఇప్పటికీ పోలేదు. ఆ ఇంట్లో దేవుడి మాటే ఉండేది కాదని అప్పుడు తెలిసింది. నేను అన్నది నాకు సత్యం. ఆ బిడ్డకు ఆ మాట పట్టుకోవడానికి కింద నేల లేదు. ఆమెకు క్షమాపణ చెప్పాను. బాబుతో మళ్ళీ మొదటి నుంచి మాట్లాడాను. అమ్మమ్మ శరీరం పనిచేయడం ఆగిపోయింది, అమ్మకు ఆ జబ్బు లేదు అని, పిల్లలకు అర్థమయ్యే మాటల్లో. ఆ తర్వాత నుంచి పిల్లలు అలా అడిగితే ముందు ఒకటే అంటాను: "నువ్వేమనుకుంటున్నావు? మీ ఇంట్లో ఏమంటారు?" వాళ్ళకు వాళ్ళ జవాబు ఉంటుంది, దాదాపు ప్రతిసారీ ఉంటుంది.

బైబిల్లో యోబు కష్టాల్లో ఉన్నప్పుడు వచ్చిన స్నేహితులు గుర్తున్నారా? ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళు చేసిన మంచి అంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది. నోరు తెరిచాక దేవుడి తరఫున మాట్లాడుతున్నామనుకుని అతన్ని గాయపరిచారు.

అంటే ఈ దేశంలో పబ్లిక్ స్కూల్లో నా విశ్వాసాన్ని గేటు బయట వదిలేయాలా? అలా అని ఏ చట్టమూ చెప్పలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పబ్లిక్ స్కూల్ ఫుట్‌బాల్ కోచ్, ఆట అయిపోయాక మైదానం మధ్యలో మోకరించి ప్రార్థించినందుకు ఉద్యోగం దగ్గర గొడవ వచ్చింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురు తేడాతో ఆయన పక్షాన తీర్పు చెప్పింది. సొంతంగా చేసుకునే ప్రార్థన ఆయన హక్కు అంది. నా మైదానం నా కారు. పొద్దున ఏడూ పదికి పార్కింగ్‌లో ఇంజన్ ఆపి, ఆ రోజు రాబోయే పిల్లల పేర్లు ఒక్కొక్కటే దేవుడికి చెప్పుకుంటాను. మెడలో సిలువ వేసుకుంటాను. ఒక బిడ్డ నోట్లోంచి మాట రానప్పుడు బైబిల్లో నెహెమ్యా రాజు ఎదుట చేసినట్టు చేస్తాను. అతను రాజుకు జవాబు చెప్పబోయే ముందు ఆ క్షణంలోనే లోపల ప్రార్థించుకున్నాడు. పెదవులు కదలలేదు. రాజుకు తెలియలేదు.

పిల్లలు సొంతంగా ప్రార్థన చేసుకోవచ్చు, బైబిల్ క్లబ్ పెట్టుకోవచ్చు. 1984 నాటి ఈక్వల్ యాక్సెస్ చట్టం ప్రకారం, వేరే క్లబ్బులకు చోటిచ్చే హైస్కూలు బైబిల్ క్లబ్బుకూ ఇవ్వాలి. అయితే దాన్ని పిల్లలే నడపాలి. మన యూత్ పిల్లలు ఇది తెలుసుకోండి, అది మీ హక్కు. అదే హక్కు పక్కన ముస్లిం అమ్మాయికీ ఉంది. రంజాన్‌లో లంచ్ టైంలో ఆ పిల్ల క్యాఫెటీరియాలో వాసనల మధ్య కూర్చోలేక నా దగ్గరకొస్తే, లైబ్రరీలో చోటు ఇప్పించేది నేనే. ఇందులో నాకు ఏ ఇబ్బందీ లేదు.

ప్రభుత్వ బడికీ మతబోధకూ మధ్య ఉన్న ఈ గోడను ఎవరో నాస్తికులు కట్టారని మనలో కొందరంటారు. 1801లో కనెక్టికట్‌లోని డాన్‌బరీ నుంచి ప్రెసిడెంట్ జెఫర్సన్‌కు ఉత్తరం రాసిందెవరు? బాప్టిస్టులు. ఆ రాష్ట్రంలో వేరే సంఘానికి ప్రభుత్వ అండ ఉండేది. బాప్టిస్టులు ఆ సంఘం పన్ను తప్పించుకోవాలంటే సర్టిఫికెట్ తెచ్చి చూపించాల్సి వచ్చేది. మన విశ్వాసం ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదు అని రాశారు వాళ్ళు. 1802 జనవరి 1న జెఫర్సన్ ఇచ్చిన జవాబులోనే సంఘానికీ రాజ్యానికీ మధ్య గోడ అనే మాట ఉంది. అప్పుడు వాళ్ళు తక్కువమంది. ఇండియాలో మనమూ తక్కువమందిమే కదా. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. అక్కడ ఆ మాట మన బిడ్డల్ని కాపాడాలని కోరుకుంటాం. ఇక్కడ మనం ఎక్కువమందిలో ఉన్నామని అదే మాట బరువైపోతుందా?

ఇక అందరూ అడగాలనుకుని అడగని సంగతి. ఒక బిడ్డ వచ్చి తాను గే అని చెబితే ఏం చేస్తావు?

ఈ వృత్తిలో పెద్ద కేసులు రెండూ దీని మీదే వచ్చాయి. రెండూ స్కూల్ కౌన్సిలింగ్ చదువుతున్న క్రైస్తవ విద్యార్థినుల కేసులే. ఒకరు మిషిగన్‌లో జూలియా వార్డ్. 2009లో శిక్షణలో ఉండగా ఒక క్లయింటు ఫైలు చూసి, ఆ స్వలింగ సంబంధాన్ని సమర్థిస్తూ మాట్లాడలేను, వేరేవాళ్ళకు ఇవ్వండి అన్నారు. యూనివర్సిటీ ఆమెను తీసేసింది. 2012లో అప్పీల్ కోర్టు ఆమె కేసు వినాల్సిందే అని తిప్పి పంపింది, తర్వాత రాజీ అయింది. ఇంకొకరు జార్జియాలో జెన్నిఫర్ కీటన్. ఆమె విషయంలో 2011లో వేరే అప్పీల్ కోర్టు యూనివర్సిటీ పక్షాన ఉంది. ఇద్దరి మనస్సాక్షినీ నేను తక్కువ చేయను. ఆ నొప్పి నాకు తెలుసు. మన సంఘం ఏం బోధిస్తుందో మీకూ నాకూ తెలుసు, దాన్ని నేను ఇక్కడ మార్చడానికి రాలేదు.

కానీ నా గది సంగతి చెబుతాను. అమెరికన్ కౌన్సిలింగ్ అసోసియేషన్ 2014 నియమావళి, నా సొంత విలువల కారణంగా మాత్రమే ఒక మనిషిని వేరేవాళ్ళ దగ్గరకు పంపకూడదని చెబుతుంది. ఆ నియమం లేకపోయినా నేను పంపను. ఒక బిడ్డ ఆ మాట చెప్పడానికి నెలల తరబడి ధైర్యం కూడగట్టుకుని వస్తుంది. నా ముఖంలో ఏ మార్పు వస్తుందా అని చూస్తూ చెబుతుంది. ఆ క్షణంలో "నీకు వేరే ఆవిడ అపాయింట్‌మెంట్ ఇప్పిస్తాను" అన్నాననుకోండి. ఆ బిడ్డకు ఏం వినిపిస్తుంది? ఇంకో ఆవిడ దగ్గరకు పోదు. ఇంటికి పోతుంది, తలుపేసుకుంటుంది. ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో అని నేను రాత్రంతా భయపడాలి. అందుకే నేను కదలను. "చెప్పినందుకు థాంక్యూ. తిన్నావా? నిద్ర పడుతోందా? ఎవరైనా ఏడిపిస్తున్నారా?" ఇవి అడుగుతాను. ఆ బిడ్డ బతికి ఉండాలి. బతికి ఉండాలండీ. ముందు అది.

ఇప్పుడు చెప్పేది మనకే. ఇది కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు.

నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం బడిలో రాలేదు, ఈ హాల్లో వచ్చింది. ఆరాధన అయ్యాక ప్లేటు పట్టుకుని నిలబడితే ఒక ఆంటీ మెల్లగా అడుగుతారు, "ఫలానావాళ్ళ అబ్బాయి మీ స్కూలేగా, ఏదో అయిందట, ప్రార్థన చేద్దామని అడుగుతున్నా." నిజంగానే ప్రార్థన చేస్తారు, నాకు తెలుసు. కానీ ఆ రాత్రికి అది ప్రార్థన మనవిగా వాట్సాప్‌లోకి వస్తుంది. పేరు రాయరు. "ఒక సహోదరి కుమారుడు, ఎనిమిదో తరగతి, డిప్రెషన్." మన తెలుగువాళ్ళలో ఎనిమిదో తరగతి అబ్బాయిలు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? ముగ్గురు. సోమవారం నాటికి ఆ అబ్బాయికి తెలిసిపోతుంది, కౌన్సిలర్ ఆంటీ చర్చిలో చెప్పేసిందని. నేను చెప్పకపోయినా సరే. ఇక వాడు జన్మలో ఎవరికీ మనసు విప్పడు.

నేను మొదట్లో "పేరు చెప్పని మనవి ఒకటి ఉంది" అనేదాన్ని. అదీ మానేశాను. మీరడిగితే "నాకు తెలియదు ఆంటీ" అని అబద్ధం కూడా చెప్పను. "పిల్లల గురించి మాట్లాడను ఆంటీ" అంటాను. పొగరనుకోకండి. రేపు మీ మనవరాలు నా ఎదుట కూర్చున్నా ఇదే మాట ఇంకొకరితో అంటాను.

దాచనివి మూడు ఉన్నాయి. తనకు తాను హాని చేసుకుంటానంటే, ఇంకొకరికి చేస్తానంటే, ఎవరైనా ఆ బిడ్డను హింసిస్తుంటే. ఇది ప్రతి బిడ్డకూ మొదటి రోజే చెబుతాను. వేరే ఊరి సంఘంలో ఒక పెద్దాయన నన్నడిగారు, "మన కుటుంబాల్లో అలాంటిదేమైనా ఉంటే ముందు పెద్దలకు చెప్పొచ్చు కదమ్మా, మేం సర్దిచెబుతాం, ప్రభుత్వం దాకా ఎందుకు?" లేదండి. టెక్సాస్ చట్టంలో బిడ్డను హింసిస్తున్నారని అనుమానం వస్తే వెంటనే రిపోర్టు చేయాల్సిన బాధ్యత ప్రతి మనిషికీ ఉంది. నాలాంటి ఉద్యోగి ఆ పని ఇంకొకరికి అప్పగించడానికి లేదు. పాస్టర్లకూ మినహాయింపు లేదు. ఒప్పుకోలుగా విన్నదైనా సరే. తెలిసీ చేయకపోతే నేరం. అయ్యగారూ, మీకు తెలిసిన సంగతే, అయినా అందరూ వింటారని చెబుతున్నాను. బెల్టు వాతను ప్రార్థనతో కప్పడానికి ప్రభువు మనకు అధికారం ఇవ్వలేదు.

చాప్లిన్ల గురించి, అంటే ఆసుపత్రి, సైన్యం లాంటి చోట్ల ప్రార్థన, ఓదార్పు అందించే మతసేవకుల గురించి, అడిగారు కొందరు. 2023లో మన రాష్ట్రం చట్టం చేసింది, పబ్లిక్ స్కూళ్ళు చాప్లిన్లను పెట్టుకోవచ్చు, కౌన్సిలర్ సర్టిఫికెట్ అక్కర్లేదు అని. పెట్టుకుంటారో లేదో ప్రతి స్కూల్ డిస్ట్రిక్టు బోర్డు 2024 మార్చి 1 లోపు ఓటు వేయాల్సి వచ్చింది. పెద్ద డిస్ట్రిక్టులు చాలావరకు వద్దన్నాయి. టెక్సాస్‌లోని చాప్లిన్లే వంద మందికి పైగా ఇది వద్దని ఉత్తరం రాశారు. ఆసుపత్రిలో, సైన్యంలో వాళ్ళు చేసే సేవ మీద నాకెంతో గౌరవం. ఆత్మహత్య ఆలోచనలో ఉన్న బిడ్డ ముందు కూర్చోవడానికి నేను మాస్టర్స్ చేసి, వేరేవాళ్ళ పర్యవేక్షణలో వందల గంటలు పనిచేసి వచ్చాను. అయినా ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. శిక్షణ లేని మంచి మనసును అక్కడ కూర్చోబెట్టడం నాకు భయం.

చివరగా ఒక తల్లి గురించి. తెలుగు తల్లే. కూతురికి పరీక్షలంటే విపరీతమైన టెన్షన్, చేతులు వణికి పేపర్ మీద పేరు కూడా రాయలేదు. ఆమె నా గదిలోకి వచ్చి కూర్చుని, నా మెడలో సిలువ చూసింది. "మేడం, మీరు క్రిస్టియన్సా?" "అవునండి." కాసేపు ఏమీ మాట్లాడలేదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, లేచిపోదామా అన్నట్టు కూర్చుంది. నేను తెలుగులోనే చెప్పాను. "మీ అమ్మాయి పరీక్ష రాయాలి, రాత్రి నిద్రపోవాలి. ఇక్కడ నా పని అంతేనండి. మీ ఇంటి దేవుణ్ణి నేను ముట్టుకోను." అప్పుడామె బ్యాగు కింద పెట్టింది.

ఆ అమ్మాయితో ఊపిరి మెల్లగా తీసి వదలడం అభ్యాసం చేయించాను. ఆపైన నీకు ఏం చేస్తే నెమ్మదిగా ఉంటుంది అని అడిగాను. తాతయ్య నేర్పిన హనుమాన్ చాలీసా మనసులో చదువుకుంటే అంది. అయితే పేపర్ ఇచ్చే ముందు అది చదువుకో, తర్వాత ఊపిరి, తర్వాత పేరు రాయి అన్నాను.

ఇది వింటుంటే మీలో కొందరికి ఇబ్బందిగా ఉంది. ముఖాలు చూస్తున్నాను కదా. నేనూ ఆ సాయంత్రం కారులో చాలాసేపు కూర్చున్నాను. తప్పు చేశానా ప్రభువా అని అడిగాను. మనుషులు మీకు ఏం చేయాలనుకుంటారో మీరూ వాళ్ళకు అదే చేయమన్న మాట గుర్తొచ్చింది. మన బిడ్డ ఒక హిందూ కౌన్సిలర్ ముందు కూర్చుని, నాకు ఇరవై మూడో కీర్తన చదువుకుంటే నెమ్మదిగా ఉంటుంది అంటే, ఆవిడ ఏమనాలని మనం కోరుకుంటాం? "చదువుకో తల్లీ" అనాలనే కదా? ఆ మాటే నేనూ అన్నాను.

ఆ అమ్మాయి పేరు రాసింది. పేపర్ పూర్తిచేసింది.

ఏడాది తర్వాత హాల్వేలో ఎదురై, "మీరు మీ చర్చిలో ఏం చేస్తారు, పాటలు పాడతారా?" అని అడిగింది. పాడతాం అన్నాను. "తెలుగులోనా?" తెలుగులోనే అన్నాను. అడిగినంతకు జవాబు చెప్పాను. బెల్ కొట్టారు, పిల్ల క్లాసుకు వెళ్ళిపోయింది.

ఇంతే నేను చెప్పాలనుకున్నది. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. మైకు వెనక్కి కూడా పంపండి బ్రదర్. అడిగేటప్పుడు దయచేసి ఏ బిడ్డ పేరూ చెప్పొద్దు, మీ బిడ్డదైనా సరే. పిల్లలు పక్క గదిలో ఉన్నారు, వాళ్ళకు వినిపిస్తుంది.